పంపింది నేనండి

మధ్యాహ్నం భోజనం చేసి చేతులు కడుక్కుంటుంటే సౌజన్య ఫోన్ చేసింది.

"మాస్టారు పోయారండి. నిన్న పొద్దున్న. గుండె ఆగిపోయిందట. నాకూ ఇప్పుడే తెలిసింది."

"అలాగా," అన్నాను. తర్వాత ఏమనాలో తెలియక "ఎక్కడ?" అని అడిగాను.

"ఇంట్లోనే. ధవళేశ్వరంలో. నేను ఎల్లుండి వెళ్తున్నానండి. మీరొస్తారా?"

వస్తానన్నాను. ఫోను పెట్టేసి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, వెళ్ళి సీట్లో కూర్చుని సాయంత్రం దాకా పని చేశాను. ఏడుపు రాలేదు. ఇంటికెళ్ళాక ఆకలి మామూలుగానే వేసింది. నాకే ఆశ్చర్యమనిపించి, అన్నం కలుపుతూ ఆయన ముఖం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ముఖం రాలేదు. కళ్ళజోడు తుడిచే చేతులు మాత్రం కనిపించాయి.

మాస్టారు అంటే బడిలో పాఠాలు చెప్పినాయన కాదు. రాజమండ్రిలో మా ఆఫీసులో నాతో పనిచేసినాయన. దానవాయిపేటలో ఒక ఎలక్ట్రికల్ షాపు పైన మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. హైదరాబాద్‌లో ఉన్న కంపెనీకి బ్రాంచి. ఆరుగురం ఉండేవాళ్ళం. చుట్టుపక్కల ఊళ్ళలోని ల్యాబులకి రిపోర్టులు అచ్చువేసే ప్రోగ్రాములు రాయడం మా పని. ఆయన అంతకుముందు ఇరవై ఏళ్ళు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఉన్నారు. మొదట సీసం అక్షరాలు పేర్చడం, తర్వాత ప్రూఫులు దిద్దడం, తర్వాత కంప్యూటర్లో కంపోజింగు. ప్రెస్సు మూతపడ్డాక నలభై దాటిన వయసులో ప్రోగ్రాములు నేర్చుకుని మా దగ్గర చేరారు. మేమందరం పాతికలోపు వాళ్ళం. అయినా అందరినీ పేరుకి గారు చేర్చి పిలిచేవారు. అప్పటికి చేరి మూడు నెలలైనా కాని సౌజన్యని కూడా "సౌజన్య గారండీ" అనేవారు. ఆ అమ్మాయి మొదటి వారం ఆ పిలుపు విన్నప్పుడల్లా వెనక్కి తిరిగి చూసేది, వెనకాల ఇంకెవరో ఉన్నారని.

తెల్లచొక్కా, మోచేతి కింద దాకా సరిగ్గా రెండు మడతలు. తిరిగే కుర్చీ ఆయనకి పడలేదు. "ఇది నన్ను నిలవనివ్వదండి," అని ఇంటి నుంచి చెక్క కుర్చీ తెచ్చుకున్నారు. టీ తాగితే గ్లాసు అడుగున ఒక్క గుక్క ఎప్పుడూ మిగిల్చేవారు. ఎందుకండీ అంటే, "ప్రెస్సులో అలవాటండి. అడుక్కి సీసం పొడి దిగుద్ది," అనేవారు. మా ఆఫీసులో సీసం ఎక్కడిది? అయినా మిగిల్చేవారు.

ఆయన పని గురించి కొంచెం చెప్పాలి. ప్రోగ్రాములో మేమెవరం ఏ మార్పు చేసినా దాన్ని మొదట మా కంప్యూటర్లోనే భద్రం చేస్తాం. దాన్ని కమిట్ అంటారు. దాని మీద రాసినవాళ్ళ పేరు పడుతుంది. కానీ ఆ పేరు ఆ కంప్యూటర్లో ఎవరు ఏది రాసిపెట్టుకుంటే అది. నిజమా కాదా అని ఎవరూ చూడరు. ఆ తర్వాత ఆ మార్పుని హైదరాబాద్ సర్వర్‌కి పంపాలి. అది పుష్. దానికి మాత్రం తాళంచెవి లాంటి ఒక ఫైలు ఉండాలి. ఏ తాళంచెవితో ఎవరు వచ్చారో సర్వర్ రాసిపెట్టుకుంటుంది. మా బ్రాంచి మొత్తానికి హెడ్డాఫీసు ఇచ్చింది ఒక్కటే తాళంచెవి. అది మాస్టారి పేరు మీద, మాస్టారి కంప్యూటర్లో. మేం రాసినవన్నీ పెన్‌డ్రైవులో వేసుకుని ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళం. అంటే రాసేది మేము, పంపేది ఆయన. ఆరుగురి పనీ సర్వర్ లెక్కలో ఒక్క మనిషి పంపినట్టే ఉండేది.

ఇంకొకరైతే పెన్‌డ్రైవు తీసుకుని గుచ్చి, బటన్ నొక్కి, ఇచ్చేసేవారు. ఆయన అలా కాదు. రాసినవాళ్ళు ఆయన కుర్చీ పక్కన నిలబడి, మార్చిన ప్రతి లైనూ పైకి చదవాలి. చదివి, అదేం చేస్తుందో తెలుగులో చెప్పాలి.

"ఇంగ్లీషులో చెప్తే నాకు అర్థమైపోయినట్టుంటాదండి. తెలుగులో చెప్పండి, అవ్వకపోతే తెలుస్తాది," అనేవారు.

ఏం మార్చామో రాసే గడిలో 'చిన్న మార్పులు' అని రాస్తే వెనక్కి ఇచ్చేసేవారు. "ఏ మార్పులో రాయండి. చిన్నదో పెద్దదో తర్వాత తెలుస్తాది." అంతా అయ్యాక కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని, మన ముఖంలోకి ఒకసారి చూసి, "పంపేదా అండి?" అని అడిగేవారు. మనం నోరు తెరిచి "పంపండి" అనేదాకా వేలు కీబోర్డు మీద పడేది కాదు. తల ఊపితే సరిపోయేది కాదు.

మాకు విసుగ్గా ఉండేది. ఆయన లేనప్పుడు ఆయన గొంతుతో "పంపేదా అండి?" అని అనుకరించి నవ్వుకునేవాళ్ళం. అందరికంటే బాగా అనుకరించేది నేనే. ఒకసారి ఆయన గుమ్మంలో నిలబడి విన్నారు. "గొంతు బాగానే వచ్చిందండి. కళ్ళజోడు తుడవడం మర్చిపోయారు," అని వెళ్ళి కూర్చున్నారు.

ఒకరోజు వాన పడుతూ కరెంటు పోతే అందరం కిటికీ దగ్గర చేరాం. ఇంత చాదస్తం ఎందుకు మాస్టారూ అని సౌజన్య అడిగేసింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. "ప్రెస్సులో ప్రింట్ ఆర్డర్ అని ఉండేదండి. ఆఖరి ప్రూఫు మీద సంతకం. ఆ సంతకం నాది. పుస్తకం ఎవరు రాసినా, కంపోజు ఎవరు చేసినా, ఆ కాయితం మీద నా సంతకం పడ్డాక తప్పుంటే నన్ను పిలిచేవారు. నేను రాయలేదండీ అనడానికి ఉండదు. చూసి పంపాను కదా," అన్నారు. కరెంటు వచ్చింది. ఎవరి సీట్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం.

ఇక ఆ రోజు సంగతి.

భీమవరం వైపు ఒక ల్యాబుంది. రొయ్యల రైతులు చెరువు నీళ్ళు సీసాల్లో పట్టి తెస్తే పరీక్ష చేసి, ఉప్పెంత, అమోనియా ఎంత, నైట్రైట్ ఎంత అని కాగితం ఇస్తారు. అమోనియా పెరిగితే రొయ్య చచ్చిపోతుంది. వెంటనే నీళ్ళు మార్చాలి. రైతులు ముందు చూసేది ఆ అంకే కాబట్టి దాన్ని కాగితంలో మొదటి గడిలోకి తెమ్మని ల్యాబు వాళ్ళు అడిగారు. ఆ పని మాస్టారు నాకు ఇచ్చారు.

ఆ ఉదయం నా కంప్యూటర్ కాలిపోయిన వాసన వచ్చి ఆగిపోయింది. సౌజన్య సెలవు పెట్టి వాళ్ళ ఊరు నరసాపురం వెళ్ళింది కాబట్టి ఆమె కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మిగతా ముగ్గురూ ఆ రోజు ల్యాబులకి వెళ్ళి ఉన్నారు. గంటలో అయిపోయింది. కమిట్ చేస్తే ఆమె పేరు పడింది. గమనించాను. మార్చడానికి ఒక్క లైను చాలు. మధ్యాహ్నం బండికి నేను తుని వెళ్ళాలి. పెళ్ళిచూపులు. అమ్మా నాన్నా అప్పటికే స్టేషన్లో ఉన్నారు. మార్చలేదు.

పెన్‌డ్రైవు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. "మాస్టారూ, గడులు అటూ ఇటూ మార్చానంతే. పంపేయండి. నాకు బండి టైమయిపోతోంది."

ఆయన తెరిచి చూశారు. "సౌజన్య గారి పేరుందేంటండి?"

"ఆవిడ సిస్టమ్‌లో చేశానండి. వచ్చాక సరిచేస్తాను."

"చదవరా?"

"వచ్చాక చదువుతానండి. పెళ్ళిచూపులండీ ఇవాళ."

ఆయన ముఖం మారింది. నవ్వారు. ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం నేను రెండోసారి చూడలేదు. "ముందే చెప్పరేంటండి! వెళ్ళండి వెళ్ళండి. తల దువ్వుకుని వెళ్ళండి," అన్నారు. కళ్ళజోడు తుడవలేదు. పంపేదా అని అడగలేదు. నేను మెట్లు దిగుతుండగానే పంపేశారు.

నేను చేసిన తప్పు చాలా చిన్నది. గడుల పైన పేర్లు మార్చాను. కింద అంకెలు మార్చలేదు. అమోనియా అన్న పేరు కింద నైట్రైట్ అంకె, నైట్రైట్ కింద అమోనియా అంకె. నేను పరీక్షగా చూసిన కాగితంలో రెండూ సున్నాలే. చూడ్డానికి బాగానే ఉంది.

పది రోజుల తర్వాత ఒక రైతు మా మెట్లెక్కి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవర్లో మడిచిన కాగితం తీశాడు. కాగితం అడుగున మా ఆఫీసు చిరునామా అచ్చయి ఉంటుంది. అది పట్టుకుని వచ్చాడు. గది మధ్యలో నిలబడి అందరి కంప్యూటర్లనీ ఒకటొకటిగా చూశాడు.

"అమోనియా తక్కువే ఉందని ఇచ్చారండి. అది చూసుకుని నీళ్ళు మార్చలేదు నేను. మూడోనాడు పొద్దున్న వెళ్తే రొయ్యంతా గట్టు పక్కకి వచ్చి తేలిపోయింది. ల్యాబులో అడిగితే కంప్యూటర్ తప్పన్నారు." గొంతు పెంచలేదు. "ఇది రాసిందెవరండి?"

నేను అతనికి అయిదడుగుల దూరంలో ఉన్నాను. నా చేతిలో మౌస్ ఉంది. మాస్టారు చెక్క కుర్చీలోంచి లేచారు.

"పంపింది నేనండి."

"రాసిందెవరని కదండీ అడిగాను."

"పంపింది నేనండి. చదవకుండా పంపాను. కూర్చోండి."

అతను కూర్చోలేదు. మాస్టారు ఇచ్చిన మంచినీళ్ళు నిలబడే తాగాడు. అరుస్తాడనుకున్నాం. అతను అడిగింది వేరు. "సరైన కాయితం ఒకటి ఇప్పించండి. నా అశ్రద్ధ వల్ల చెరువు పోయిందంటున్నారండి మా అన్నదమ్ములు. ఇంట్లో చూపించుకోవాలి."

మాస్టారు నా వైపు తిరిగి, "గడులు సరిచేయండి," అన్నారు, అంతే. బాగుచేయించి తెచ్చిన నా సొంత కంప్యూటర్లో సరిచేశాను. పెన్‌డ్రైవు పట్టుకుని ఆయన పక్కన నిలబడి లైను లైనూ పైకి చదివాను. గొంతు బాగానే పలికింది. పంపమన్నాను, పంపారు. కొత్త కాగితం అచ్చు తీసి, అడుగున 'మొదటి కాగితం తప్పు. తప్పు మాది' అని చేత్తో రాసి, సంతకం చేసి ఇచ్చారు. అతను చదువుకుని, మడిచి, అదే కవర్లో పెట్టుకున్నాడు. "వెళ్ళొస్తానండి," అని వెళ్ళిపోయాడు.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఆ సాయంత్రం చెప్పి ఉండొచ్చు. తుని సంబంధం వాళ్ళు ఆ వారంలోనే కబురు చేస్తామన్నారు.

సోమవారం హైదరాబాద్ నుంచి మేనేజరు వచ్చాడు. కుర్రవాడే, మా కంటే నాలుగైదేళ్ళు పెద్ద. అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి సర్వర్లోంచి తీసిన కాగితం బల్ల మీద పెట్టాడు. రాసినవారు: సౌజన్య. పంపినవారు: మాస్టారు.

"మీరు ప్రొబేషన్‌లో ఉన్నారు కదా?" అన్నాడు సౌజన్యతో.

ఆ అమ్మాయి చెంపలు ఎర్రబడ్డాయి. "సార్, ఆ రోజు నేను లేనండి. నరసాపురంలో ఉన్నాను. మా అమ్మకి కంటి ఆపరేషన్. సెలవు చీటీ కూడా ఉంది సార్."

"పేరు మీదే ఉంది కదమ్మా."

మాస్టారు కల్పించుకున్నారు. "ఆ పేరు ఎవరైనా రాసుకోవచ్చండి. ఆవిడ సిస్టమ్‌లో ఎవరు కూర్చున్నా ఆవిడ పేరే పడుద్ది. దాన్ని పట్టుకుని ఆవిడని అనడానికి లేదు. సర్వర్‌కి ఖాయంగా తెలిసింది నా తాళంచెవి ఒక్కటేనండి."

"అయితే ఎవరు కూర్చున్నారు?"

మాస్టారు కళ్ళజోడు తీశారు. చొక్కా అంచుతో తుడిచారు. ఒక అద్దం, ఇంకో అద్దం. మళ్ళీ మొదటి అద్దం. నేను బల్ల మీదున్న కాగితంలో తేదీ చదివాను. మళ్ళీ చదివాను. ఆయన నా వైపు చూడలేదు. కళ్ళజోడు పెట్టుకుని అన్నారు.

"పంపింది నేనండి. చదివించకుండా పంపాను. అది చాలదా అండి?"

చాలింది. ఆ నెలాఖరు దాకా కూడా ఉండనివ్వలేదు. సౌజన్య ఉద్యోగం నిలబడింది. నా ఉద్యోగం సంగతి ఎవరికీ అనుమానమే రాలేదు.

వెళ్ళే రోజు ఆయన తన చెక్క కుర్చీ తీసుకెళ్ళాలన్నారు. మెట్లు ఇరుకు. ఒక్కరి వల్ల కాదు. నేను వెళ్ళి రెండో వైపు పట్టుకున్నాను. ఆయన ముందు, వెనక్కి నడుస్తూ. నేను పైన. రెండు మలుపులున్నాయి. రెండో మలుపు దగ్గర కుర్చీ కాలు గోడకి తగిలింది. "జాగ్రత్తండి, మెట్టు," అన్నారు. కింద రిక్షాలో పెట్టించి, "ఉంటానండి," అన్నారు. నేను "మంచిదండి" అన్నాను. మెట్లెక్కి వచ్చేసరికి నా చేతులకి పాత వార్నిషు అంటుకుని ఉంది. కడుక్కున్నాను.

తర్వాతి వారం తాళంచెవి నా పేరు మీద చేశారు. అనుభవం ఉన్నవాణ్ణి నేనే కదా. నేను కూడా కొన్నాళ్ళు అందరి చేతా పైకి చదివించాను. తర్వాత పని ఎక్కువై మానేశాను.

ఏడాది గడిచాక ఒకసారి కలిశాను. ధవళేశ్వరంలో బస్టాపు పక్కన జిరాక్సు షాపులో ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కాలవ ఆఫీసులకి రైతులు పెట్టుకునే అర్జీలు టైపు చేసిపెడుతున్నారు. అదే చెక్క కుర్చీ. ఒక ముసలాయన పక్కన నిలబడి ఉంటే, టైపు చేసింది ఆయనకి చదివి వినిపిస్తున్నారు. "మా చివరి చేలకు నీరందడం లేదు కాబట్టి... ఇంతేనా అండి? ఇంకేమైనా చెప్పాలా?" ముసలాయన "ఆయ్, అంతేనండి" అన్నాకే అచ్చు తీశారు.

నేను చెప్పాలనే వెళ్ళాను. ఆయన స్టూలు చూపించి టీ చెప్పారు.

"మాస్టారూ, ఆ రోజు..."

"ఆ సంబంధం కుదిరిందా అండి?"

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఏ సంబంధమండి?"

"అదేనండి, పెళ్ళిచూపులకి వెళ్ళారు కదా. తుని."

"కుదిరిందండి. పెళ్ళయి ఎనిమిది నెలలు."

"మంచిదండి," అన్నారు. నిజంగానే అన్నారు. ఆ మాటలో వెటకారం వెతికాను, దొరకలేదు. టీ వచ్చింది. తాగాం. ఆయన అడుగున ఒక్క గుక్క మిగిల్చి గ్లాసు కింద పెట్టారు.

"మాస్టారూ, నా పేరు మీరెందుకు చెప్పలేదు?"

"నేను చెప్పాలా అండి?" అని నా వైపు చూశారు. "పంపినోడి పేరు సర్వర్ చెప్పేసింది. దాన్ని నేను కాదనలేను. రాసినోడి పేరు రాసినోడే చెప్పుకోవాలి కదండి. ఆ రోజు కాసేపు ఆగాను కూడాను."

ఆగారు. కళ్ళజోడు తుడుస్తూ ఆగారు. మొదటి అద్దం రెండోసారి తుడిచింది నా కోసమే.

"ఇప్పుడు చెప్తానండి. హెడ్డాఫీసుకి రాస్తాను."

"ఇప్పుడు వాళ్ళకి చెప్పి ఏం చేస్తారండి? సౌజన్య గారికి చెప్పండి. ఆవిడ పేరది." అంతలో ఇంకో రైతు కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఆయన అటు తిరిగారు.

నేను సౌజన్యకి చెప్పలేదు. రోజూ ఒకే గదిలో కూర్చునేవాళ్ళం. రేపు చెబుదామనుకునేవాణ్ణి. ఆ తర్వాత ఆమె కాకినాడలో వేరే ఆఫీసులో చేరింది. ఏడాదిన్నర అయింది.

ఇప్పుడు ఆయన పోయాక, అనుకున్న రోజున ఇద్దరం రాజమండ్రిలో కలుసుకుని ధవళేశ్వరం బస్సెక్కాం. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. కొంతసేపు ఉద్యోగాల గురించి మాట్లాడుకున్నాం. బస్సు ఊళ్ళోకి దిగుతుండగా ఆమె అంది.

"మీకో సంగతి చెప్పనాండి? నా సిస్టమ్‌లో కూర్చుని అది రాసింది మాస్టారేనని నేను అప్పుడే అనుకున్నాను. తనే రాసి, తనే పంపి, ముందు నా పేరు మీద పడనిచ్చి, మనసొప్పక ఒప్పుకున్నారని. చాలా కోపమొచ్చింది. వెళ్ళేరోజు ఆయనతో మాట్లాడలేదు నేను. గుర్తుందా, మీరు కుర్చీ మోశారు. నేను లోపలే కూర్చున్నాను."

"గుర్తుంది," అన్నాను.

"తర్వాత్తర్వాత పోయింది లెండి కోపం."

దిగాం.

ఇల్లు సందు చివర. రెండు గదులు. ఆయన భార్య వసారాలో చాప మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోతే సౌజన్య వెళ్ళి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. మాస్టారితో పనిచేశామని చెప్పాం.

"మీ ఆఫీసు నుంచి ఎవరూ రారనుకున్నానండి," అంది ఆవిడ. "ఆయన అక్కడ తప్పు చేసి కదా వచ్చింది. నా వల్ల ఒక రైతు చెరువు పోయిందే అనేవారు. రెండుసార్లు ఆ ఊరు వెళ్ళి ఆ రైతుని కలిసి వచ్చారు కూడా. వెళ్ళి ఏం మాట్లాడేవారో తెలీదు. నేనూరుకునేదాన్ని కాదండి. మీ చేతులతో మీరే పోగొట్టుకున్నారు, అంత జాగ్రత్త మనిషి అంటారు, ఆ ఒక్కరోజు ఏమయిందీ అని దెప్పేదాన్ని. మొన్న కూడా అన్నాను. పోయే ముందురోజే." ఆవిడ చీర చెంగు సర్దుకుంది. "ఆయ్, అవునే, అనేవారు. ఇంకో మాట లేదు."

"అమ్మా," అన్నాను. "ఆ తప్పు రాసింది నేనండి. ఆయన కాదు. ఆయనకి తెలుసు. సౌజన్య పేరు పడిందీ నా వల్లే. పెళ్ళిచూపులకి బండి టైమైందని చదవకుండా ఇచ్చి వెళ్ళిపోయాను. అందుకే ఆయన చదివించకుండా పంపారు."

సౌజన్య నా వైపు తిరగలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది.

పక్కింట్లో కుక్కర్ కూత పెట్టింది. ఆవిడ, "ఆయనకి తెలుసా అండి?" అంది.

"తెలుసండి."

"మరి నేనన్ని మాటలంటుంటే ఒక్కసారైనా చెప్పలేదేంటండి?"

ఆవిడ నన్ను తిట్టలేదు. వెళ్ళిపొమ్మనలేదు. కాసేపటికి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి లోపలికి వెళ్ళింది. మంచినీళ్ళు తెస్తుందేమో అనుకున్నాం. తిరిగి రాలేదు. ఇంకొంచెంసేపు కూర్చుని, చెప్పులు వేసుకుని వచ్చేశాం.

సందు దాటేదాకా సౌజన్య నాకంటే నాలుగడుగులు ముందు నడిచింది. బస్టాపులో ఎండ మండిపోతోంది. ఆమె రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. రాజమండ్రి బస్సు దూరంగా కనబడింది. అది దగ్గరికి వచ్చేవరకూ ఆగి, అప్పుడు అడిగింది.

"ఆ రోజు ఆ గదిలో మీరూ ఉన్నారు కదండీ? మా అమ్మ కంటి ఆపరేషన్ సంగతి నేను చెబుతున్నప్పుడు?"

"ఉన్నాను," అన్నాను.

"సరేనండి," అంది. బస్సెక్కింది. నేను తర్వాతి బస్సుకి వచ్చాను.